అక్షరం కూడా అమానతే
కలం నుంచి కాగితానికి, కాగితం నుంచి తెరకు: అక్షర రూపకల్పనను మన పిల్లలు ఎందుకు నేర్వాలి?

రబీవుల్ అవ్వల్ మాసం వచ్చిందంటే మన ఊళ్లలో జల్సాల బ్యానర్లు వెలుస్తాయి. పెళ్లిళ్ల కాలంలో దావత్ కార్డులు ఇంటింటికీ చేరుతాయి. రంజాన్‌కు సహరీ, ఇఫ్తార్ వేళల పట్టికలు ప్రతి మసీదు గోడ మీదా కనిపిస్తాయి. వీటిలో సగం తెలుగు, సగం ఉర్దూ. ఆగి చదివే ఓపిక ఉన్నవారికి ఒక బాధాకరమైన సంగతి కనబడుతుంది. కొన్ని బ్యానర్ల మీద ఉర్దూ అక్షరాలు ఒకదానితో ఒకటి కలవక విడివిడిగా నిలబడి ఉంటాయి. పైగా కుడి నుంచి ఎడమకు సాగవలసిన వరుస ఎడమ నుంచి కుడికి తిరగబడి ఉంటుంది. 'స్త్రీ' అనే మాటను సకారం, తకారం, రకారం, గుడిదీర్ఘం అని నాలుగు ముక్కలు చేసి, చివరి ముక్క నుంచి మొదటి ముక్కకు పేర్చితే ఎలా ఉంటుందో, అదీ అలాగే ఉంటుంది. అది ఏ భాషా కాదు.

మామూలు ప్రకటనలోనే ఇది తప్పు. మరి అదే బ్యానర్ మీద అల్లాహ్ నామమో, ఒక ఆయతో ఉంటే? దాన్ని కట్టినవారు భక్తితో కట్టారు. ముద్రించిన కుర్రవాడు కష్టపడి ముద్రించాడు. కానీ ముద్రించినవానికి ఉర్దూ రాదు. ఇచ్చినవారి పిల్లలు తెలుగు మీడియంలోనో, ఇంగ్లీషు మీడియంలోనో చదివారు గనుక ఇంట్లో కూడా సరిచూసేవారు లేరు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఉన్నదల్లా ఒక ఖాళీ స్థలం. ఆ స్థలంలో ఉండవలసినవాడు అక్షరం తెలిసిన, యంత్రం కూడా తెలిసిన మనిషి. ఆ మనిషి మన ఇళ్ల నుంచే రావాలన్నది మా మనవి.

జైద్ (రజి) నేర్చుకున్న లిపి

దైవప్రవక్త ముహమ్మద్ (స)పై అవతరించిన తొలి వాక్యాలలోనే చదువు ప్రస్తావన, కలం ప్రస్తావన ఉన్నాయి. దివ్యఖుర్ఆన్‌లో అరవై ఎనిమిదవ సూరాకు పేరే 'అల్ ఖలమ్'. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలలో చదువు వచ్చినవారు మదీనా పిల్లలకు రాయడం నేర్పి విడుదల పొందిన సంగతి సీరత్ గ్రంథాల ద్వారా మనందరికీ తెలిసినదే.

ఇక్కడ మరొక సంఘటనను గుర్తు చేసుకుందాం. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) అప్పటికి చిన్నవాడు. యూదుల లిపిని నేర్చుకోమని ప్రవక్త (స) ఆయనను ఆదేశించారు. ఆ లిపిలో వచ్చే ఉత్తరాలను చదవడానికి, జవాబులు రాయడానికి ఇతరుల మీద ఆధారపడకూడదన్నది ఉద్దేశం. సుమారు పదిహేను రోజులలో జైద్ (రజి) దానిని నేర్చుకున్నారని హదీసులో ఉన్నది. తరువాత హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖిలాఫత్ కాలంలో దివ్యఖుర్ఆన్‌ను ఒకచోట గ్రంథస్థం చేసే బాధ్యత ఆయనకే అప్పగించారు. మరో లిపి నేర్చిన యువకుడే మన గ్రంథానికి కాపలాదారు అయ్యాడు. తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన మన పిల్లలకు ఇంతకంటే మంచి ఆదర్శం ఏమి కావాలి?

కలం దగ్గర మొదలు

టైపోగ్రఫీ అనే మాట కొత్తగా వినిపించవచ్చు. అక్షరాల రూపాన్ని, పరిమాణాన్ని, వాటి మధ్య జాగాను, పుటలో వాటి అమరికను చదువరికి అనుకూలంగా తీర్చిదిద్దే విద్య అది. పేరు కొత్తదైనా విషయం మనకు కొత్త కాదు. బాగ్దాదులో అబ్బాసీ ఖలీఫాల వద్ద వజీరుగా పనిచేసిన ఇబ్నె ముఖ్లా (మరణం క్రీ.శ. 940) అక్షరాలకు కొలతలు స్థిరపరచాడు. కలం అంచును కాగితం మీద ఆనిస్తే పడే చుక్క, అంటే నుఖ్తా, ఆయన కొలబద్ద. అలిఫ్ ఎత్తు ఇన్ని నుఖ్తాలని లెక్క. ఆ అలిఫ్‌ను వ్యాసంగా తీసుకుని గీసిన వృత్తంలో మిగిలిన అక్షరాల వంపులు ఇముడుతాయి. రాజకీయ కక్షల వల్ల ఆయన కుడిచేతిని నరికివేశారు. ఆయన వేసిన బాట మాత్రం నిలిచింది. ఇబ్నుల్ బవ్వాబ్ (మరణం 1022), యాఖూత్ ముస్తఅసిమీ (మరణం 1298) దానిని మెరుగుపరిచారు.

మదరసాలలో తఖ్తీకి ముల్తానీ మట్టి పూసి, రెల్లు కలంతో మష్ఖ్ చేసినవారికి ఆ కొలతలు చేతి వేళ్లలో ఉంటాయి. మొదట ముఫ్రదాత్, అంటే ఒంటరి అక్షరాలు. తరువాత మురక్కబాత్, అంటే కలిపి రాసేవి. కలానికి 'ఖత్' సరిగా పడకపోతే గీత సరిగా రాదు. ఇదంతా పాతకాలపు పని అని పిల్లలు అనుకోరాదు. కంప్యూటర్‌లో కొత్త ఫాంట్ తయారుచేసే నిపుణుడు కూడా గీత ఎక్కడ లావవుతుంది, ఎక్కడ సన్నబడుతుంది అని తెలుసుకోవడానికి కలం వైపే చూస్తాడు.

ఒక చుక్క విలువ ఎంతో చూడండి. ఉర్దూలో 'ఖుదా' అనే మాటలో మొదటి అక్షరం మీద చుక్క ఉంటుంది. ఆ చుక్క కిందికి దిగితే అది 'జుదా' అవుతుంది, అంటే వేరైనది. తెలుగులోనూ ఇదే ప్రమాదం ఉన్నది. 'దాత' అంటే ఇచ్చేవాడు. దకారం కింద చిన్న గీత పడితే 'ధాత', అంటే సృష్టికర్త. మసీదుకు విరాళమిచ్చిన పెద్దమనిషిని మెచ్చుకుంటూ వేసిన కరపత్రంలో ఆ గీత పొరపాటున పడితే అర్థం ఎంత దూరం పోతుందో పాఠకులే ఊహించుకోవచ్చు!

లోహపు అచ్చు, రాయి, కంప్యూటర్

అక్షరం తెలియని యంత్రం ఏమి చేస్తుందో చరిత్రలో ఒక ఉదాహరణ ఉన్నది. ఇటలీలోని వెనిస్ నగరంలో 1537-38 ప్రాంతంలో పగనీని అనే ముద్రాపకులు అరబీ అచ్చులతో దివ్యఖుర్ఆన్‌ను ముద్రించారు. అందులో తప్పులు దొర్లాయి. దాల్, జాల్ అక్షరాల మధ్య తేడా కూడా నిలవలేదు. ఆ ముద్రణ ప్రతులు కనుమరుగైపోయి, ఒకే ఒక ప్రతి 1987లో వెనిస్‌లోని ఒక క్రైస్తవ మఠం గ్రంథాలయంలో బయటపడింది. దానికి భిన్నంగా కైరోలో 1924లో వెలువడిన ముస్హఫ్‌ను ఉలమా పర్యవేక్షణలో సిద్ధం చేశారు. అది ఎన్నో దేశాలకు ప్రమాణమైంది. రెండింటిలోనూ వాడింది లోహపు అచ్చులే. తేడా అంతా దగ్గరుండి చూసిన కళ్లలో ఉన్నది.

ఉర్దూకు అలవాటైన నస్తాలీఖ్ లిపి లోహానికి లొంగలేదు. అందులో మాట కుడివైపు ఎత్తున మొదలై ఎడమవైపుకు జారుతుంది. పక్కనున్న అక్షరాన్ని బట్టి ప్రతి అక్షరం రూపు మార్చుకుంటుంది. చదరపు దిమ్మెలలో ఆ జారుడును ఇమడ్చడం కష్టం. కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాల కాలంలో నస్తాలీఖ్ అచ్చులు పోయించి పుస్తకాలు వేశారు గానీ ప్రజలకు అవి రుచించలేదు. 1796లో జర్మనీ ప్రాంతంలో సెనెఫెల్డర్ కనిపెట్టిన రాతి అచ్చు, అంటే లిథోగ్రఫీ, మన దేశానికి వచ్చాక ఉర్దూకు దారి దొరికింది. కాతిబ్ జిడ్డు సిరాతో రాసినది రాతి మీదికి ఎక్కి, అక్కడి నుంచి కాగితం మీదికి దిగేది. 1858లో లక్నోలో మొదలైన నవల్ కిశోర్ ప్రెస్ ఈ పద్ధతిలోనే వేలాది పుస్తకాలను ఇంటింటికీ చేర్చింది.

1980 ప్రాంతంలో మీర్జా అహ్మద్ జమీల్ అనే పాకిస్తాన్ ఖత్తాత్ వేలకొలది అక్షరాల కలయికలను స్వయంగా రాసి, మోనోటైప్ సంస్థ సహకారంతో వాటిని యంత్రానికి ఎక్కించారు. అదే 'నూరీ నస్తాలీఖ్'. 1981లో లాహోర్ జంగ్ పత్రిక ఆ అక్షరాలతో వెలువడింది. 1994లో ఢిల్లీ నుంచి 'ఇన్‌పేజ్' వచ్చాక ఆ అక్షరాలు మామూలు కంప్యూటర్లకూ చేరాయి. హైదరాబాద్ ఛత్తా బజారులో పెళ్లి కార్డులు రాసే కాతిబుల ముందు కంప్యూటర్ వచ్చి కూర్చున్నది. చెన్నైలో 1927లో మొదలైన 'ముసల్మాన్' పత్రిక మాత్రం ఆ తరువాత కూడా చాలాకాలం చేతిరాతతోనే వెలువడింది.

ఎందరో కాతిబులకు పని పోయింది. ఆ బాధ నిజమైనది. అయితే పని పోయినంత మాత్రాన విద్యకు అవసరం పోలేదు. ఆ విద్య తెలిసినవారు కీబోర్డు దగ్గర లేకపోవడం వల్లనే ఈనాడు మనం విరిగిన అక్షరాలను చూస్తున్నాము.

కాగితం ఏమి అడుగుతుంది?

కాగితానికి కొన్ని స్వభావాలున్నాయి. అక్షరం పరిమాణాన్ని పాయింట్లలో కొలుస్తారు. కంప్యూటర్ లెక్కలో అంగుళానికి 72 పాయింట్లు. ఇంగ్లీషుకు ఎంత పాయింటు ఇచ్చారో తెలుగుకూ అంతే ఇస్తే చాలదు. తెలుగులో పైన గుడులు, ఏత్వాలు, కింద వత్తులు ఉంటాయి. పంక్తుల మధ్య జాగా తక్కువైతే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడిని తాకుతుంది. జారుతూ దిగే నస్తాలీఖ్‌కు ఇంకా ఎక్కువ జాగా కావాలి. రెండు భాషలూ పక్కపక్కన ఉన్న కరపత్రంలో రెండింటికీ ఒకే పాయింటు ఇస్తే ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా కనిపిస్తుంది. అంకెను కాక, కంటికి సమానంగా తోచేదాన్ని ప్రమాణంగా తీసుకోవాలి.

న్యూస్‌ప్రింటు కాగితం సిరాను పీల్చుకుంటుంది. సన్నని గీతలు లావవుతాయి, అక్షరాల లోపలి చిన్న ఖాళీలు పూడుకుపోతాయి. గుండ్రని మన తెలుగు అక్షరాలకు ఈ బెడద ఎక్కువ. కనుక పత్రికలో వేసే చిన్న అక్షరానికి లోపల విశాలంగా ఉన్న ఫాంటును ఎంచుకోవాలి. రంగుల ముద్రణలో నీలం, గులాబి, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. చిన్న అక్షరాలను నాలుగు సిరాల మిశ్రమంతో వేస్తే, ప్లేటు కాస్త జరిగినా అక్షరం చుట్టూ నీడ పడుతుంది. చిన్న అక్షరానికి ఒక్క నలుపు చాలు. బ్యానరుకు మరో లెక్క ఉన్నది. పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం సుమారు అంగుళం ఎత్తు ఉండాలని బోర్డులు రాసేవారు స్థూలంగా లెక్కవేస్తారు.

తెర ఏమి అడుగుతుంది?

కాగితం మీద పంక్తి ఎక్కడ ఆగాలో మనమే నిర్ణయిస్తాము. తెర మీద ఆ అధికారం మనది కాదు. ఒకరు చిన్న ఫోనులో చూస్తారు, ఒకరు పెద్ద కంప్యూటర్‌లో చూస్తారు, చూపు తగ్గిన నానమ్మ అక్షరాలను రెట్టింపు చేసుకుని చదువుతుంది. పంక్తులు వాటంతట అవే మారిపోతాయి. కనుక తెర కోసం పనిచేసేవాడు ఒక పుటను మాత్రమే కాక, ఏ కొలతలోనైనా చెదరని ఒక నియమాన్ని తయారుచేయాలి. కాగితం మీద సిరా వ్యాపించి గీతను లావు చేస్తే, తెర మీది చిన్న చుక్కలలో సన్నని గీత మాయమవుతుంది. తెల్లని తెర మీద లేత బూడిద రంగు అక్షరం కుర్రవాళ్లకు అందంగా తోచవచ్చు, పెద్దవారికి మాత్రం కనిపించదు.

మాటల దిశ మరో సమస్య. ఉర్దూలో మాటలు కుడి నుంచి సాగుతాయి, అంకెలు మాత్రం ఎడమ నుంచి సాగుతాయి. ఉర్దూ పంక్తిలో ఒక ఫోను నంబరో, ఒక తెలుగు పేరో వచ్చిందంటే దిశ సరిగా చెప్పని చోట అన్నీ తారుమారవుతాయి. ఈ నియమాలు తెలిసినవారికి ఇది ఐదు నిమిషాల పని.

అన్నిటికంటే ముఖ్యమైనది యూనికోడ్. 1991లో తొలి కూర్పు వెలువడిన ఈ పద్ధతిలో ప్రపంచ లిపులన్నిటిలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. తెలుగు లిపికి 128 స్థానాలు కేటాయించారు. సంఖ్య అక్షరానిది, రూపం ఫాంటుది. ఫాంటు మార్చినా అక్షరం చెడదు. పాత తరం తెలుగు డీటీపీ ఫాంట్లలో అలా కాదు. అక్కడ ఇంగ్లీషు అక్షరానికే తెలుగు ముసుగు వేశారు. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థంలేని ఇంగ్లీషు ముక్కలు. ఇన్‌పేజ్ తొలి కూర్పులలో రాసిన ఉర్దూ కూడా నేరుగా యూనికోడ్ కాదు. ఆ విధంగా మన తెలుగు పుస్తకాలు, మన ఉర్దూ పుస్తకాలు ఒకే జబ్బుతో బాధపడుతున్నాయి. ఎన్నో ఏళ్ల శ్రమ ఫైళ్లలో ఉన్నది గానీ వెదికితే దొరకదు.

యూనికోడ్‌లోనూ జాగ్రత్త అవసరం. అరబీ కాఫ్‌కు, ఉర్దూ కాఫ్‌కు వేరువేరు సంఖ్యలున్నాయి. 'యే' అక్షరమూ అంతే. అరబీ కీబోర్డుతో ఉర్దూ టైపు చేస్తే మాటల మధ్యలో కంటికి తేడా తెలియకపోవచ్చు గానీ, వెదికినప్పుడు ఆ మాట దొరకకుండా పోతుంది.

మరొక అలవాటు కూడా ఉన్నది. ఉర్దూ, తెలుగు సరిగా రావడం లేదని మొత్తం ప్రకటనను బొమ్మగా మార్చి ఫోన్లలో పంపుతున్నారు. చూపున్నవారికి అది చాలు. చూపులేని సోదరుడు ఫోను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడతాడు. సరిగా రాసిన యూనికోడ్ అక్షరాన్ని అది చదవగలదు. బొమ్మలోని మాట చాలాసార్లు దానికి అందదు, అందినా సరిగా అందుతుందన్న నమ్మకం లేదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) చూపులేనివారు. జ్ఞానం కోరి వచ్చిన ఆయన విషయంలోనే 'అబస' సూరా తొలి ఆయతులు అవతరించాయి. అటువంటివారికి మన ప్రకటన, మన పాఠం అందకుండా చేయడం చిన్న విషయం కాదు.

పిల్లలు ఎలా నేర్చుకోవాలి?

మొదటి మెట్టు కలం. కనీసం కొన్ని నెలలు ఉర్దూ మష్ఖ్ చేయాలి. తెలుగు అక్షరాలను కూడా వెడల్పు మొన ఉన్న కలంతో పెద్దవిగా రాసి చూడాలి. తలకట్టు ఎక్కడ అతుకుతుందో, వత్తు ఎంత కిందికి దిగుతుందో అప్పుడే తెలుస్తుంది. హైదరాబాద్‌లో డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1931లో స్థాపించిన ఇదారె అదబియాతె ఉర్దూలో పాత వ్రాతప్రతులున్నాయి. ఒక్కసారి పిల్లలను తీసుకువెళ్లి చూపించడం మంచిది.

రెండవ మెట్టు కాగితం. ఒక సహరీ, ఇఫ్తార్ పట్టికను రెండు భాషలలో తయారుచేయమనండి. అంత చిన్న పనిలో అంకెలు, నిలువు వరుసలు, రెండు దిశలు, రెండు లిపులు అన్నీ ఉన్నాయి. మూడవ మెట్టు తెర. అదే పట్టికను ఫోనులో చదవడానికి వీలుగా, బొమ్మగా కాక అక్షరాలుగా తయారుచేయమనండి. ఈ రెండూ చేసిన పిల్లవానికి కాగితానికీ తెరకూ గల తేడా ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే అర్థమవుతుంది.

ఖర్చు పెద్దగా లేదు. ఖాలిద్ హుస్నీ అనే ఈజిప్టు నిపుణుడు బూలాఖ్ ముద్రణాలయపు అచ్చుల ఆధారంగా రూపొందించిన 'అమీరీ' ఫాంటు, గూగుల్ వారి 'నోటో నస్తాలీఖ్ ఉర్దూ', తెలుగులో 'మండలి', 'రామభద్ర', 'సూరన్న', 'నోటో సాన్స్ తెలుగు' ఉచితంగా దొరుకుతాయి. పుటలు కూర్చడానికి స్క్రైబస్, బొమ్మలు గీయడానికి ఇంక్‌స్కేప్, ఫాంటు తయారీకి ఫాంట్‌ఫోర్జ్ కూడా ఉచితమే. దొంగ సాఫ్ట్‌వేర్‌తో ఆయతులను ముద్రించడం ఏపాటి సవాబు? హలాల్ సంపాదన హలాల్ పనిముట్టుతోనే మొదలవుతుంది. డబ్బిచ్చి ఇండిజైన్ కొన్నవారు అందులో 'వరల్డ్ రెడీ కంపోజర్' అనే ఏర్పాటును ఎంచుకోవాలి. పైన చెప్పిన విరిగిన అక్షరాల జబ్బు చాలావరకు అక్కడే నయమవుతుంది.

పై చదువు కోరేవారికి హైదరాబాద్‌లో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉన్నది. బొంబాయి ఐఐటీలో ఆర్.కె. జోషి (1936-2008) వంటివారు భారతీయ లిపుల రూపకల్పనను బోధించారు. ఇంటి నుంచి చేయదగిన పని గనుక మన ఆడపిల్లలకు కూడా ఇది గౌరవప్రదమైన జీవనోపాధి కాగలదు.

అచ్చుకు పంపే ముందు

జమాత్ పెద్దలకు కూడా ఒక మాట. ఏ కాగితమైనా, బ్యానరైనా అచ్చుకు పోకముందు ఉర్దూ చదవగల ఒకరికి, తెలుగు చదవగల ఒకరికి చూపించండి. అరబీ ఉంటే హాఫిజ్ సాహెబ్‌కు చూపించండి. తెర మీద చూసి సరిపెట్టుకోకుండా, కాగితం మీద తీసిన ప్రూఫును చదివించండి. చుక్కలు, వత్తులు, అంకెలు, తేదీలు వరుసగా వేలు పెట్టి చూడాలి. ఆ కాగితం చివరకు ఎక్కడికి చేరుతుందో కూడా ఆలోచించాలి. పెళ్లి కార్డు చెత్తకుప్పలోకి, బ్యానరు మురికికాల్వ పక్కకు పోయేటట్లయితే వాటి మీద ఆయతును వేయకుండా ఉండడమే అదబ్. అక్షరాన్ని అందంగా వేయడం సగం విద్య. ఎక్కడ వేయకూడదో తెలియడం మిగిలిన సగం.

రాసేవాడు తన భావాన్ని అక్షరానికి అప్పగిస్తాడు. చదివేవాడు దానిని నమ్మి అందుకుంటాడు. మధ్యలో అక్షరాలను కూర్చేవాడు ఆ అమానత్‌ను మోసేవాడు. చుక్క జారినా, వత్తు విరిగినా అమానత్‌లో లోటు వచ్చినట్లే. ఈ వేసవి సెలవులలో మీ పిల్లవాని చేతికి ఫోనుతో పాటు ఒక రెల్లు కలం కూడా ఇచ్చి చూడండి. కలంతో నేర్పినవాడైన అల్లాహ్ మన పిల్లలకు ఈ విద్యలో బర్కత్‌ను, ఈ పనిలో నిజాయితీని ప్రసాదించుగాక! ఆమీన్.